కీళ్ల వాపు తగ్గితే మనసూ తేలికపడుతుందా?

నరసాపురం దగ్గరి ఒక పల్లె నుంచి ఒక తల్లి పొడుగాటి ఉత్తరం రాశారు. పేరూ ఊరూ వెయ్యొద్దన్నారు. వయసు 46. చిన్నప్పుడు అమ్మ పక్కన కూర్చుని నేర్చుకున్న లేసు పనే ఇన్నాళ్లూ చేతిఖర్చుకీ, పిల్లల ఫీజులకీ ఆదుకుంది. భర్త రొయ్యల చెరువులు కౌలుకు చేస్తారు. కొడుకు హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తున్నాడు. కూతురి డిగ్రీ అయింది, సంబంధాలు చూస్తున్నారు.

నాలుగేళ్ల కిందట ఓ పొద్దున వేళ్లు బిగుసుకుపోవడంతో మొదలైందట. ఉంగరం ఊడి రాలేదు, అల్లిక సూది చేతిలో నిలవలేదు. పక్క ఊళ్లో ఒకాయన ఇచ్చే పొట్లాలు వాడితే వారంలో నొప్పి మాయమైంది, ఆకలి పుట్టింది, "పదేళ్లు తగ్గినట్టు హుషారొచ్చిందండి" అని రాశారు. ఏడాది గడిచాక మొహం ఉబ్బడం చూసి, కిడ్నీలు పోతాయని ఎవరో భయపెడితే ఒక్కరోజులో మానేశారు. ఆ నెలంతా మంచం దిగలేకపోయారు. తర్వాత టౌనులో కీళ్ల డాక్టరుకు చూపించుకుంటే రక్తపరీక్షలు చేసి రుమటాయిడ్ ఆర్థరైటిస్, అంటే కీళ్లవాతం అన్నారు. వారానికోసారి వేసుకునే మెథోట్రెక్సేట్ అనే కీళ్ల మందు, దాంతోపాటు మరికొన్ని మాత్రలు రాశారు. నొప్పులు సగానికి తగ్గాయి.

"ఇప్పుడు నా బాధ నొప్పుల గురించి కాదండి" అంటారావిడ. ఎనిమిది నెలలుగా దేనిమీదా మనసు పోవడం లేదు. సంక్రాంతికి ఇల్లంతా చుట్టాలు, వంటింట్లో అరిసెలు వండుతుంటే ఆవిడ వెనక గదిలో గోడవైపు తిరిగి పడుకున్నారు. కూతురికి మంచి సంబంధం వచ్చిందంటే సంతోషం కలగలేదు, కలగనందుకు ఏడుపొచ్చింది. మూడింటికే మెలకువ వచ్చేస్తుంది. అల్లికలో లెక్క తప్పుతోంది, ఏజెంటు దారం ఇవ్వడం తగ్గించాడు. వారం మాత్ర వేసుకున్న మర్నాడు వికారంగా ఉంటోందని కొన్ని వారాలు మానేస్తున్నారు, ఆ సంగతి డాక్టరుకు చెప్పలేదు. అత్తగారు పని తప్పించుకోడానికి వేషాలంటారు. భర్త "ధైర్యంగా ఉండు" అంటారు. మెంటల్ డాక్టరు మందులు మొదలెడితే జన్మలో మానలేవని అక్క హెచ్చరిక. మేనల్లుడేమో ఫోన్‌లో ఒక వీడియో చూపించాడు: డిప్రెషన్ అనేది ఒంట్లో వాపు వల్లే వస్తుందట, వాపు తగ్గితే అదే పోతుందట. ఉత్తరం చివర ఒక వాక్యం రాసి, కొట్టేసి, మళ్లీ రాశారు: "రాత్రి పడుకున్నాక తెల్లారకపోతే బాగుణ్ణనిపిస్తుందండి."

ఆవిడ అడుగుతున్నది ఇదీ: ఇది మనసు జబ్బా, కీళ్ల జబ్బా? కీళ్ల మందులు సరిగ్గా వాడితే ఇదీ పోతుందా? మానసిక వైద్యుడి దగ్గరికి వెళ్తే పిల్ల సంబంధాలకు అడ్డమవుతుందా?

అమ్మా,

మీరు కొట్టేసి మళ్లీ రాసిన ఆ వాక్యంతోనే మొదలుపెడతాను. రాసి మంచిపని చేశారు. తెల్లారకపోతే బాగుణ్ణనిపించడం డిప్రెషన్‌లో చాలామందికి కలిగే ఆలోచన. అది పాపమూ కాదు, పిరికితనమూ కాదు. అలాగని తేలిగ్గా తీసుకోకూడదు కూడా. ఈ ఆలోచన ఒక్కోసారి అక్కడే ఆగుతుంది, ఒక్కోసారి "ఏదైనా చేసుకుంటే" అన్న దాకా పోతుంది. ఎప్పుడు మలుపు తిరుగుతుందో ముందుగా తెలియదు. కాబట్టి ఈరోజే మీవారికి ఈ మాట ఉన్నదున్నట్టు చెప్పండి. నోటితో చెప్పలేకపోతే ఈ పేజీ చూపించండి. ఇంట్లోగానీ, చెరువు దగ్గర షెడ్డులోగానీ పురుగుమందులు, మందు డబ్బాలు ఉంటే ఆయన తాళం వేసి ఉంచుకోవాలి. మీ మాత్రలు కూడా కొన్నాళ్లు ఆయన దగ్గరే ఉంటే మంచిది. ఆలోచన బలపడినట్టనిపించినా, నిద్రపట్టని రాత్రి ఎవరితోనైనా మాట్లాడాలనిపించినా 14416కు ఫోన్ చెయ్యండి. అది ప్రభుత్వం 2022 అక్టోబరులో మొదలుపెట్టిన టెలి మానస్. డబ్బు కట్టక్కర్లేదు, పగలూ రాత్రీ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడతారు. చేసుకోవాలనే ఉద్దేశమే కలిగితే ఫోన్‌తో ఆగకుండా ఆ పూటే ఆసుపత్రికి వెళ్లండి, ఒక్కరూ ఉండొద్దు.

ఇక మీ మొదటి ప్రశ్న. ఇది మనసుదా, కీళ్లదా అంటున్నారు. మీ మేనల్లుడు చూపించిన వీడియోలో నిజం ఉంది, కానీ సగమే ఉంది. ముందు ఆ సగం చెబుతాను, ఎందుకంటే మీ అత్తగారి మాట మిమ్మల్ని ఎంత కోస్తోందో ఉత్తరంలో తెలుస్తూనే ఉంది.

గట్టి జ్వరం వచ్చినప్పుడు ఎలా ఉంటుందో గుర్తుచేసుకోండి. అన్నం సయించదు, ఎవరైనా పలకరిస్తే విసుగు, లేవాలనిపించదు, మూల గదిలో దుప్పటి కప్పుకుని పడుకోవాలనిపిస్తుంది. మనం అది జ్వరం నీరసం అనుకుంటాం. నిజానికి అలా పడుకోబెట్టేది మెదడే. రోగనిరోధక వ్యవస్థ పనిలోకి దిగినప్పుడు సైటోకైన్లు అనే రసాయనాలను వదులుతుంది. ఇంటర్‌ల్యూకిన్-1, ఇంటర్‌ల్యూకిన్-6, టీఎన్ఎఫ్ అని వాటికి పేర్లు. ఒంట్లో వాపు అని నేను అనేది ఇవి లోపల రేపే ఈ అలజడినే, పైకి కనిపించే ఉబ్బును కాదు. జబ్బు పడ్డ ప్రాణి కదలకుండా ఒక మూల పడి ఉంటే ఉన్న శక్తంతా కోలుకోడానికి మిగులుతుంది. అందుకే ఆ రసాయనాల కబురు అందగానే మెదడు ఆకలినీ, హుషారునీ, నలుగురిలో కలవాలన్న కోరికనూ తగ్గించేస్తుంది. పశువుల్లోనూ ఇదే చూస్తాం, జబ్బు చేసిన గేదె మేత ముట్టక మంద నుంచి విడిగా నిలబడుతుంది. జ్వరానికి ఇది నాలుగు రోజుల ముచ్చట. మీ జబ్బులో మాత్రం రోగనిరోధక వ్యవస్థ పొరపాటున సొంత కీళ్ల పొరల మీదికే తిరిగింది. దానికి ముగింపు లేదు కాబట్టి ఆ రసాయనాలు ఏళ్ల తరబడి ఊరుతూనే ఉంటాయి. కీళ్లవాతంలో ఇంటర్‌ల్యూకిన్-6 రాత్రి పెరుగుతూ వచ్చి తెల్లవారుజామున ఎక్కువగా ఉంటుంది. మీ వేళ్లు పొద్దున్నే బిగుసుకుపోవడానికి అదో కారణం. పొద్దున్నే మనసు కూడా అంత బరువుగా ఉండడంలో దాని పాత్ర కొంత ఉండొచ్చు.

కీళ్లలో పుట్టిన కబురు తలలోకి ఎలా చేరుతుంది? దారులు ఒకటికంటే ఎక్కువే ఉన్నాయి. కడుపు, గుండె, ఊపిరితిత్తుల దగ్గర్నుంచి మెదడు దాకా పోయే వేగస్ నాడి ఒక దారి. రక్తానికీ మెదడుకీ మధ్య ఉండే గోడలో పలచగా ఉన్న చోట్లు ఇంకొకటి. అక్కడి నుంచి లోపలికి కబురు అందితే మెదడులోనే ఉండే మైక్రోగ్లియా అనే రక్షణ కణాలు రేగుతాయి. ఇంకో సంగతి కూడా జరుగుతుంది. మనం తినే పప్పు, పాలు, గుడ్డు, చేపల్లోని ట్రిప్టోఫాన్ అనే పదార్థం నుంచి మెదడు, మనసు నిలకడకు తోడ్పడే సెరటోనిన్ అనే రసాయనాన్ని తయారుచేసుకుంటుంది. వాపు ఎక్కువగా ఉన్నప్పుడు ఒక ఎంజైము ఆ ట్రిప్టోఫాన్‌ను కైన్యురెనిన్ అనే వేరే సరుకువైపు మళ్లిస్తుంది. దాన్నుంచి పుట్టే కొన్ని పదార్థాలు నాడీకణాలను రేపి నలతపెడతాయి.

మీ ఉత్తరం చదువుతుంటే నాకు ముఖ్యంగా తట్టింది డోపమైన్ అనే మెదడు రసాయనం. మెదడు లోతుల్లో స్ట్రయేటమ్ అనే భాగం ఉంది. ఒక పని చెయ్యాలన్న ఉబలాటం, అయ్యాక కలిగే తృప్తి, మంచి జరగబోతోందని ముందే కలిగే సంబరం, వీటన్నిటికీ అక్కడి డోపమైన్ కావాలి. ఒంట్లో వాపు ఎక్కువగా ఉన్న డిప్రెషన్ రోగుల మెదడును స్కాన్ చేసి చూస్తే, ఈ స్ట్రయేటమ్‌కీ నుదుటి వెనక ఉండే ఆలోచన భాగానికీ మధ్య సంబంధం పలచబడి కనిపించింది. దాంతోపాటే సంతోషం తగ్గడం, కదలికలు మందగించడం కనిపించాయి. మీ పక్కనున్న కాలవనే చూడండి. పైన లాకుల దగ్గర నీరు తగ్గిస్తే శివారు చేను ఎండుతుంది. గట్టు మీద నిలబడి చూసేవాడికి ఎండిన చేనే కనిపిస్తుంది, రైతు బద్ధకస్తుడనుకుంటాడు. కూతురి సంబంధం మాట విన్నప్పుడు మీకు సంతోషం కలగలేదంటే పిల్ల మీద ప్రేమ లేదని కాదమ్మా. ప్రేమ లేకపోతే కలగనందుకు ఏడుపెందుకొస్తుంది? సంబరం పుట్టాల్సిన చోటికి నీరందడం లేదు, అంతే.

ఇది ఊహ కాదనడానికి రెండు పరిశోధనలు చెబుతాను. 2009లో ఇంగ్లండులో ఆరోగ్యంగా ఉన్నవాళ్లకు టైఫాయిడ్ టీకా వేసి, మెదడు స్కాన్ చేశారు. టీకాతో ఒంట్లో స్వల్పంగా వాపు రసాయనాలు పెరిగాయి, కొన్ని గంటల్లోనే వాళ్ల మనసు కాస్త దిగులుపడింది, దిగులుతో సంబంధమున్న మెదడు భాగంలో అలజడి కనిపించింది. ఒకటి రెండు రోజుల్లో తగ్గిపోయే చిన్న మార్పే అది, టీకాలంటే భయపడక్కర్లేదు. రెండోది మీ జబ్బుకే సంబంధించింది. 2011లో జర్మనీ పరిశోధకులు కీళ్లవాతం ఉన్న కొద్దిమందికి టీఎన్ఎఫ్‌ను అడ్డుకునే మందు ఇచ్చి చూశారు. 24 గంటల్లోనే నొప్పికీ భావాలకీ సంబంధించిన మెదడు భాగాల్లో అలజడి తగ్గింది. కీళ్ల వాపు తగ్గడానికి మాత్రం ఇంకా రోజులు పట్టింది. అంటే మందు కీళ్ల కంటే ముందు తలలో పనిచేసినట్టు కనిపించింది. కీళ్లవాతం ఉన్న ప్రతి ఆరుగురిలో సుమారు ఒకరికి చికిత్స అవసరమయ్యేంత డిప్రెషన్ ఉంటుంది. మీలాంటి వాళ్లు మీ మండలంలోనే చాలామంది ఉండి ఉంటారు, ఎవరూ బయటికి చెప్పుకోరు.

వీడియోలో లేని రెండో సగం ఇప్పుడు చెబుతాను. డిప్రెషన్ అంతా వాపు వల్ల రాదు. డిప్రెషన్ ఉన్నవాళ్లకు సీఆర్‌పీ అనే రక్తపరీక్ష చేస్తే, వాపు ఉందని చెప్పదగ్గ స్థాయి సుమారు నాలుగోవంతు మందిలోనే కనిపిస్తుంది. మిగతావారికి కారణాలు వేరే. వాపు తగ్గించే మందునే డిప్రెషన్‌కు వాడి చూద్దామని 2013లో అమెరికాలో, మామూలు మందులకు లొంగని 60 మందికి ఇన్‌ఫ్లిక్సిమాబ్ అనే ఇంజెక్షన్‌తో ఒక ప్రయోగం చేశారు. మొత్తం మీద చూస్తే ఉత్తుత్తి మందు తీసుకున్నవాళ్లకూ వీళ్లకూ తేడా రాలేదు. మొదట్లోనే సీఆర్‌పీ ఎక్కువగా ఉన్నవాళ్లకు మాత్రం మేలు కనిపించింది. ఇప్పటికీ డిప్రెషన్‌కు వాపు మందు ఇవ్వడం మామూలు వైద్యంలోకి రాలేదు.

నాకు అన్నిటికంటే విలువైనదిగా అనిపించే పాఠం ఇంకొకటుంది. ఒకప్పుడు కామెర్లు తెచ్చే హెపటైటిస్-సి వైరస్‌కూ, కొన్ని క్యాన్సర్లకూ ఇంటర్‌ఫెరాన్ అనే ఇంజెక్షన్ వాడేవారు. అది రోగనిరోధక వ్యవస్థను రేపే మందు. అంతకుముందు ఏ దిగులూ లేనివాళ్లకు కూడా ఆ మందు మొదలుపెట్టిన వారాల్లోనే డిప్రెషన్ వచ్చేది, ముగ్గురు నలుగురిలో ఒకరికి. ఇంతకంటే స్పష్టంగా ఒంటి నుంచి వచ్చే డిప్రెషన్ ఏముంటుంది? అయితే 2001లో ఒక వైద్య బృందం, చర్మ క్యాన్సరుకు ఇంటర్‌ఫెరాన్ తీసుకోబోయేవారిలో కొందరికి ముందుగానే మామూలు డిప్రెషన్ మాత్ర మొదలుపెట్టింది. మాత్ర వేసుకున్నవాళ్లలో డిప్రెషన్ వచ్చినవాళ్లు చాలా తక్కువమంది. కారణం ఒంట్లో ఉన్నా, మెదడువైపు నుంచి ఇచ్చిన మందు పనిచేసింది. కాబట్టి కీళ్లదా మనసుదా తేలాకే వైద్యం అనుకుని మీరు ఆగనక్కర్లేదు. రెండు వైపుల నుంచీ దీన్ని పట్టుకోవచ్చు. పైగా మీ ఉత్తరంలో వాపుతో సంబంధం లేని బరువులూ ఉన్నాయి. చేతి సంపాదన తగ్గింది, చేతిలో ఉన్న కళ చేజారుతోందన్న భయం ఉంది, పిల్ల పెళ్లి ఆలోచన ఉంది, ఇంట్లో రోజూ ఒక సూటిపోటి మాట ఉంది. కీళ్లు పూర్తిగా నయమైనా ఇవన్నీ వాటంతటవి పోవు.

పొట్లాల సంగతి వదిలేయలేను. వారంలో నొప్పి మాయం, ఆకలి, హుషారు, ఉబ్బిన మొహం, మానగానే నెలంతా మంచం. ఈ వరస చూస్తే అందులో స్టెరాయిడ్ ఉండి ఉండొచ్చన్న అనుమానం నాకు బలంగా ఉంది. పొట్లం చూడకుండా నిర్ధారించి చెప్పలేను. స్టెరాయిడ్ చెడ్డ మందేమీ కాదు, మీ కీళ్ల డాక్టరు కూడా అవసరమైతే తక్కువ మోతాదులో, కొద్దికాలం ఇస్తారు. కానీ నెలల తరబడి వాడితే కిడ్నీల మీద టోపీలా కూర్చునే అడ్రినల్ గ్రంథులు ఒంటికి సహజంగా కావాల్సిన స్టెరాయిడ్ అయిన కార్టిసాల్‌ను సొంతంగా తయారుచెయ్యడం తగ్గించేస్తాయి. అప్పుడు హఠాత్తుగా ఆపితే విపరీతమైన నీరసం, వాంతులు, బీపీ పడిపోవడం వస్తాయి, ఒక్కోసారి ప్రాణం మీదికి వస్తుంది. స్టెరాయిడ్ మనసును కూడా తాకుతుంది, ఉన్నప్పుడు అక్కర్లేని ఉత్సాహాన్నీ నిద్రలేమినీ తెస్తుంది, ఆపాక కుంగదీస్తుంది. అందుకే ఆ హుషారును మీ అసలు ఆరోగ్యానికి కొలతగా పెట్టుకోకండి. ఇప్పుడెలా ఉన్నా ఆనాటి ఉత్సాహంతో పోల్చుకుంటే తక్కువగానే అనిపిస్తుంది. ఏడాదిపాటు వాడిన ఆ పొట్లాల కథ కీళ్ల డాక్టరుకు పూర్తిగా చెప్పండి, తిట్టినా సరే. మళ్లీ ఎప్పుడైనా రహస్యంగా వాడుతూ ఉంటే మాత్రం మీ అంతట మీరు ఆపకండి, ఎలా తగ్గించాలో ఆయనే చెబుతారు.

ఇప్పుడు మీ ముందున్న దారులు చూద్దాం.

మొదటిది, మీ మేనల్లుడు చెప్పినట్టు ముందు కీళ్ల వైద్యాన్ని గట్టిగా పట్టించుకుని, రెండు మూడు నెలలు చూసి, తర్వాత మనసు సంగతి ఆలోచించడం. దీనిలో అర్థం లేకపోలేదు. మీరు వారాలు వదిలేస్తూ వాడుతున్నారు కాబట్టి మందు బలం ఎంతో మీకూ మీ డాక్టరుకూ ఇంకా తెలియలేదు. నొప్పులు సగమే తగ్గాయంటే లోపల వాపు ఇంకా ఉందనే. వికారానికి ఉపాయాలున్నాయి: ఫోలిక్ యాసిడ్ మోతాదు సరిచూడడం, మాత్ర రాత్రి భోజనం తర్వాత వేసుకోవడం, మాత్ర బదులు అదే మందు ఇంజెక్షన్‌గా తీసుకోవడం. చెబితేనే కదా ఆయన మార్చగలరు. ఒక్క జాగ్రత్త, వదిలేసిన వారాలకు పరిహారంగా రెండేసి మాత్రలు వేసుకోవడం, వారం మందును రోజూ వేసుకోవడం ఎప్పుడూ చెయ్యకండి, ప్రమాదం. ఈ దారిలో చిక్కేమిటంటే, మెథోట్రెక్సేట్ నిదానంగా పనిచేసే మందు, వారాలూ నెలలూ పడుతుంది. తెల్లారకపోతే బాగుణ్ణనిపిస్తున్న మనిషి అన్ని రోజులు ఊరికే వేచి ఉండడం నాకు ఇష్టం లేదు. పైగా డిప్రెషన్ ఉంటే నొప్పి ఎక్కువగా తెలుస్తుంది, మందులు మానెయ్యాలనిపిస్తుంది, కీళ్ల జబ్బు అదుపులోకి రావడం కష్టమవుతుంది. మీరు వారాలు వదిలెయ్యడంలో వికారంతోపాటు "ఏం వాడితే ఏంలే" అన్న నిరాశ కూడా ఎంతో కొంత ఉందేమో ఆలోచించండి.

రెండోది, రెండు వైద్యాలూ ఒకేసారి. మీ పరిస్థితిలో నా మొగ్గు దీనివైపే. మానసిక వైద్యుడు మాత్ర రాస్తే మొదటి వారం పది రోజులు కాస్త వికారం, కంగారు ఉండొచ్చు. మేలు తెలియడానికి రెండు నుంచి నాలుగు వారాలు, పూర్తిగా తెలియడానికి ఇంకొంచెం పడుతుంది. అక్కగారు భయపడుతున్నట్టు ఈ మందులకు మద్యంలాగా వ్యసనపడరు, మోతాదు పెంచుకుంటూ పోవాలనిపించదు. అయితే హఠాత్తుగా మానితే తల తిరగడం, చిరాకు వస్తాయి కాబట్టి మెల్లగా తగ్గిస్తారు. బాగైన తర్వాత కూడా కనీసం ఆరు నెలలు కొనసాగించమంటారు, అది జన్మంతా కాదు. మీకు ప్రత్యేకంగా ఒక హెచ్చరిక ఉంది. డిప్రెషన్‌కు ఎక్కువగా వాడే రకం మాత్రలతోపాటు డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్ లాంటి నొప్పి మాత్రలు కూడా పడితే కడుపులో రక్తస్రావమయ్యే అవకాశం పెరుగుతుంది. కాబట్టి మీరు వాడే ప్రతి మందు చీటీ, మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునే నొప్పి బిళ్లతో సహా, ఇద్దరు డాక్టర్లకీ చూపించండి. విరేచనం తారులా నల్లగా వస్తే ఆలస్యం చెయ్యకండి. నొప్పినీ దిగులునూ రెండింటినీ తగ్గించే మందులు కూడా కొన్ని ఉన్నాయి, మీకు ఏది సరిపోతుందో డాక్టరు చూసి చెప్పాలి. థైరాయిడ్, రక్తం శాతం, బి12, షుగరు పరీక్షలు కూడా చేయించమని అడగండి. కీళ్లవాతంలో రక్తహీనత మామూలే, థైరాయిడ్ తగ్గినా ఇలాగే మందగించిపోతారు. సీఆర్‌పీ మాత్రం మీకు డిప్రెషన్ పరీక్ష కింద పనికిరాదు, కీళ్ల వల్లే అది పెరిగి ఉంటుంది.

మాత్రలంటే ఇష్టం లేకపోతే మూడో దారి ఉంది, మాటలతో చేసే వైద్యం. సైకాలజిస్టు దగ్గర కొన్ని వారాలు కూర్చుని ఆలోచనల తీరునూ దినచర్యనూ మార్చుకోవడం. ఓ మాదిరి డిప్రెషన్‌కు ఇది మందుతో సమానంగా పనిచేస్తుంది. మన పల్లెల నుంచి ప్రతి వారం టౌనుకు వెళ్లి రావడం, అంత నేర్పున్న మనిషి దొరకడం కష్టమే. మీకున్న నిద్రలేమి, ఆ చివరి ఆలోచన చూస్తే ఇదొక్కటే సరిపోతుందని చెప్పలేను. మందుతో కలిపితే బలం. ఇందులో ఒక ముక్క మీరు ఇంట్లోనే మొదలుపెట్టొచ్చు: మనసు వచ్చాక పని చేద్దామని ఆగకుండా, చిన్న పని ముందు చెయ్యడం. మనసు దాని వెనక నెమ్మదిగా వస్తుంది. పొద్దున గోరువెచ్చని నీళ్లలో చేతులు ముంచి, వేళ్లు కాస్త సడలాక ఏజెంటు పని కాకుండా మీకు బాగా వచ్చిన సులువైన పువ్వు ఒక్కటి అల్లండి. లెక్క తప్పితే తప్పనివ్వండి, దాన్ని ఎవరూ కొనరు. సాయంత్రం గట్టు మీద కాసేపు నడవండి. వాపు బాగా ఉన్న రోజు మాత్రం చేతులకు విశ్రాంతి ఇవ్వాలి, ఆరోజు పువ్వు లేకపోయినా నడక చాలు.

ఏమీ చెయ్యకుండా ఉండడమూ ఒక దారే, ఇన్నాళ్లూ జరిగింది అదే. ఎనిమిది నెలల్లో అది ఎటు తీసుకెళ్లిందో మీరే రాశారు.

మీవారికి ఒక మాట. "ధైర్యంగా ఉండు" అనడం ప్రేమతోనే అంటున్నారని తెలుసు. కానీ ఆ మాట విన్నప్పుడల్లా ఆవిడకు తను ధైర్యం లేని మనిషినన్న నింద ఒకటి అదనంగా పడుతోంది. దాని బదులు వారం మందు వేసుకునే రాత్రి గుర్తుపెట్టుకుని పక్కన ఉండండి, డాక్టరు దగ్గరికి తోడు వెళ్లండి, మీ అమ్మగారితో మీరే మాట్లాడండి. కోడలు చెబితే ఎదురుమాట అవుతుంది, కొడుకు చెబితే వింటారు. జ్వరంలో పడుకున్న మనిషిని ఆవిడా వేషాలు అనరు కదా, కోడలిదీ అలాంటి జబ్బేనని, పైకి జ్వరం కనిపించదని చెప్పండి. ఒకసారి చెబితే మారకపోవచ్చు. మళ్లీ చెప్పండి.

ఇక పిల్ల సంబంధాల గురించి. ఈ భయాన్ని తేలిగ్గా కొట్టిపారెయ్యను, మన ఊళ్లలో ఆరాలు ఎలా తీస్తారో తెలుసు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం మీ వైద్యం వివరాలు గోప్యంగా ఉంచడం డాక్టరు బాధ్యత. మీ ఊరి కళ్లు పడకూడదనుకుంటే భీమవరంలోనో రాజమండ్రిలోనో చూపించుకోవచ్చు, కాకినాడ ప్రభుత్వ ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది. "కీళ్ల డాక్టరు పంపారు" అని చెబితే అది అబద్ధమూ కాదు, నిజంగానే ఆయన్ని అడిగి చీటీ రాయించుకోండి. అవతలివాళ్లకు చెప్పాలా వద్దా అంటే రెండూ ఆలోచించదగ్గవే. చెప్పకపోతే ఇప్పటికి గొడవ ఉండదు, కానీ రేపు తెలిస్తే దాచారన్న మాట మీ అమ్మాయి మీద పడొచ్చు. చెబితే ఒకటి రెండు సంబంధాలు వెనక్కి పోవచ్చు, ఉన్నవాళ్లతో మాత్రం రేపు దాపరికం ఉండదు. నా మటుకు నేను తల్లి వైద్యం వివరాలన్నీ అవతలివాళ్లకు చెప్పితీరాలని అనుకోను. కీళ్లవాతం ఉంది, మందులు వాడుతున్నారు అన్నది ఎలాగూ తెలుస్తుంది. ఇక్కడ అమ్మాయినే అడగాలి. తనకు పెళ్లి కంటే తల్లి ఎలా ఉందన్నదే పెద్ద విషయమై ఉండొచ్చు. మీరు వెనక గదిలో పడుకున్న ఆ పండగ రోజుల్లో తను ఏమనుకుందో మీకు ఇంతవరకూ తెలియదు కదా. అడిగి చూడండి, సంబంధాల వాళ్లతో ఏం చెప్పాలో ఇద్దరూ కలిసి తేల్చుకోండి.

ఈ వారంలో రెండు పనులు జరగాలి. మీవారికి ఆ వాక్యం చెప్పడం ఒకటి. కీళ్ల డాక్టరుకు ఫోన్ చేసి మానేసిన వారాలూ, పొట్లాలూ, ఈ దిగులూ మూడూ చెప్పి, మానసిక వైద్యుడికి చీటీ అడగడం రెండోది. వెళ్లేటప్పుడు ఈ ఎనిమిది నెలల్లో నిద్ర, ఆకలి, పని ఎలా ఉన్నాయో కాగితం మీద రాసుకుని వెళ్లండి. మీరు నాకు రాసిన ఉత్తరమే ఇంకో కాపీ రాసుకున్నా సరిపోతుంది, అంత బాగా చెప్పారు.